సూది పోటుకి వచ్చిన మాట

మా పిల్లకి ఏడాదిన్నర దాటినా నోట్లోంచి ఒక్క మాట రాలేదు. అమ్మ అనలేదు, అత్త అనలేదు, తాత అనలేదు. వినబడదేమో అనుకోవడానికీ లేదు. వంటింట్లో బిస్కెట్ పొట్లం చప్పుడైతే చాలు, వరండాలోంచి పరుగెత్తుకొచ్చేది. కావలసినదాన్ని వేలితో చూపించేది, మా అత్త వెంటనే అందించేది. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, నానమ్మ పెడుతుందని ఆ సామెత కట్టినవాళ్ళకి తెలియదు కాబోలు.

ఈ బెంగాలీ ఊళ్ళో, న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్స్ చుట్టుపక్కల అందరికీ తలా ఒక వైద్యం తెలుసు. పక్కింటి బెంగాలీ దీదీ అయితే, ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, టీవీలో హిందీ విని పిల్ల తికమకపడిందని తేల్చేసింది. ఇక్కడ పుట్టిన ఇంతమంది పిల్లలకి లేని తికమక మా పిల్లకెందుకు అని నోటిదాకా వచ్చినా మింగేశాను. నిజానికి నా కోపం ఆవిడ మీద కాదు. కిందటిసారి టీకాకి వెళ్ళినప్పుడు డాక్టర్ గారు, "బూస్టర్ సూదికి వచ్చేసరికి కూడా మాట రాకపోతే కోల్‌కతా పంపిస్తాను, అక్కడ పరీక్షలు చేయించాలి" అన్నారు. అప్పట్నుంచి నాకు తిన్నది ఒంటబట్టలేదు.

ఆ బూస్టర్ రోజు రానే వచ్చింది. మా ఆయనకి వర్క్‌షాప్‌లో డ్యూటీ. నేనూ అత్తా పిల్లని తీసుకుని టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కాం. దారి పొడుగునా పిల్ల చెవిలో "అమ్మ అను, అమ్మ అను" అని నూరిపోస్తూనే ఉన్నాను. అత్త విసుక్కుంది.

"ఎందుకలగ దాని పేణం తీస్తావు? దానికి మాటలు రాకపోతే ఏటి, మన ఇంట్లో నోళ్ళకి తక్కువేటి?"

"నువ్వూరుకో అత్తా," అన్నాను.

డాక్టర్ గారు పెద్దాయన, బెంగాలీ అయినా మావాళ్ళని చూసీ చూసీ తెలుగు అర్థమవుతుంది. పిల్లని ఒళ్ళో గట్టిగా పట్టుకోమన్నారు. సూది తొడలో దిగిందో లేదో, పిల్ల ఛాంబర్ అదిరిపోయేలా రాగం తీసింది. ఆ ఏడుపు మధ్యలోనే ఉన్నట్టుండి ఆగి, మొహం గంటు పెట్టుకుని, సిరంజికి వేలు చూపిస్తూ, "ఏటి?" అంది.

డాక్టర్ గారు కుర్చీలోంచి సగం లేచి, "ఎ తో బాంగ్లా బోల్‌ఛే!" అన్నారు, ఇది బెంగాలీ మాట్లాడుతోందే అని. బెంగాలీలో 'ఏటి' అంటే 'ఇది' అని అర్థం. పిల్ల సిరంజిని చూపించి బెంగాలీలో 'ఇది' అందట.

అత్త ఊరుకుంటుందా? కొంగు బిగించింది. "బాబూ, అది మా మాట! మా సిక్కోలు మాట! ఏటిది, నన్నెందుకు పొడిసినావు అని గుంట నిన్ను అడుగుతోంది!"

వాళ్ళ తగువు వాళ్ళది. నాకు మాత్రం భయం తగ్గలేదు. ఏడుపులో దొర్లిన చప్పుడేమో, ఎవరు చూడొచ్చారు! డాక్టర్ గారికీ ఆ అనుమానమే వచ్చినట్టుంది. దూది ఉండ తీసి పిల్ల ముందు పట్టుకుని, ఏమీ అనకుండా చూస్తూ ఉన్నారు. పిల్ల ముక్కు ఎగబీల్చింది.

"ఏటి?"

ఆయన దూదిని ఇంకాస్త దగ్గరికి జరిపారు.

"ఏటీ?" ఈసారి గదమాయింపు.

నేనుండబట్టలేక "దూది" అన్నాను. అప్పుడు శాంతించి, బల్ల మీది టార్చిలైటు మీదికి వేలు మళ్ళించింది. "ఏటి?"

డాక్టర్ గారు నవ్వేశారు. 'ఇది' అని చెప్పే పిల్లయితే జవాబు కోసం ఎందుకు ఆగుతుంది, ఇది మీ తెలుగే అని ఒప్పుకున్నారు. అడగడం వచ్చిన పిల్లకి మిగతావీ వస్తాయి, కోల్‌కతా మాట ఇప్పుడొద్దు, కొన్నాళ్ళయ్యాక ఒకసారి చూపించండి అన్నారు. అత్త నా వైపు చూసి కళ్ళెగరేసింది. గెలుపు ఆవిడదే, కాదనను.

తిరిగొస్తూ టోటోలో పిల్ల దేన్నీ వదల్లేదు. కుక్కని అడిగింది, సైకిల్‌ని అడిగింది, డ్రైవర్ దాదా బట్టతలని కూడా అడిగింది. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నేను అన్నిటికీ జవాబు చెప్పాను. అడిగిందే మళ్ళీ అడిగినా, మళ్ళీ చెప్పాను.

క్వార్టర్స్ మలుపు దగ్గర పిల్ల నా చెంప మీద వేలు పెట్టింది. వేలికి అంటిన తడిని చూసుకుని, "ఏటి?" అంది. అంతసేపూ గడగడా చెప్పుకొచ్చిన నేను కొంగుతో మొహం తుడుచుకోవడంలో పడ్డాను.

అత్తే అందుకుంది.

"సంతోసం, తల్లీ. దాన్ని సంతోసం అంటారు."