రెండు కార్డులకు ఒకటే అడ్రస్

ఎనభైల చివర్లో గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. ఆడపిల్లను నేనొక్కదాన్నే. కామాటిపురలో మేముండే వరస గదుల చాల్ నుంచి నడిచి వెళ్లేదాన్ని. మా నాయిన మేస్త్రీ. పనిలేని రోజుల్లో మధ్యాహ్నం అన్నం డబ్బా తనే తెచ్చేవాడు.

మేము యూనిక్స్ మిషన్లు, అంటే ఒకేసారి చాలామంది వాడే కంప్యూటర్లు, తయారుచేసేవాళ్లం. మిషన్‌ను లోపల నుంచి నడిపే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. అందులో, మిషన్‌లో గుచ్చే కొత్త కార్డులకు కోడ్ రాయడం నా పని. మా పెద్ద ఇంజనీరు మరాఠీ ఆయన, అందరం దాదా, అంటే అన్న, అనేవాళ్లం.

ఒక మందుల గోదాముకు ఇవ్వాల్సిన మిషన్‌లో నెట్‌వర్క్ కార్డు పెట్టగానే దానికి కలిపిన ఎనిమిది టెర్మినళ్ల తెరల మీదా పిచ్చి అక్షరాలు వచ్చాయి. కార్డు మార్చాం, తీగలు మార్చాం. మూడో రోజు నా కోడ్ ప్రింటు తీసి చదువుతుంటే తెలిసింది. టెర్మినళ్లను నడిపే కార్డు మెమరీలో ఏ చోటు, అంటే ఏ అడ్రస్, తీసుకుందో, నెట్‌వర్క్ కార్డుకూ అదే అడ్రస్ పెట్టాం. అక్కడ ఇంకో కార్డు ఉందేమో చూడకుండా నా కోడ్ రాసుకుంటూ పోతోంది.

అప్పుడే నాయిన వచ్చాడు. మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పాను గానీ అందులో చెయ్యి పెట్టలేదు.

"ఏమైంది బిడ్డా, తింటలేవు?"

"తప్పు నాదే నాయినా. దాదాకు ఇంకా చెప్పలే."

ఆయన నా పక్కన కూర్చున్నాడు. "ఒకపారి గోడంత కట్టినంక దారం పట్టి చూస్తే వంకరున్నది. కట్టించే సేఠ్ చూడలే. నేనే చెప్పి పడగొట్టిన."

"సేఠ్ ఏమన్నడు?"

"మస్తు తిట్టిండు. తర్వాత పనికి గూడ నన్నే పిలిచిండు. ముందు తిను."

తిని, పైకి వెళ్లి చెప్పేశాను. దాదా తిట్టలేదు. "జంపర్ మారిస్తే ఇవాళ్టికి సరిపోతుంది. రేపు వాళ్లు ఇంకో కార్డు పెడితే?" అన్నాడు. జంపర్ అంటే కార్డు అడ్రస్ మార్చడానికి దాని మీద ఉండే చిన్న బిళ్ల.

ఆ వారమంతా ఇద్దరం కూర్చుని కెర్నెల్‌లో ఒక పట్టిక పెట్టాం. ఏ కార్డు కోడ్ అయినా తనకు కావలసిన చోటును ముందు అందులో అడగాలి. ఖాళీగా ఉంటేనే కార్డును ముట్టుకోవాలి. లేకపోతే ఏ రెండింటికి తగాదానో తెరమీద చూపించి ఆగిపోవాలి.

మిషన్ గోదాముకు వెళ్లింది. వానాకాలంలో అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. కొత్త కార్డును మిషన్ ఒప్పుకోవడం లేదట. తెరమీద ఉన్నది చదవమన్నాను. చదివారు. ఏ జంపర్ ఎటు జరపాలో ఫోన్‌లోనే చెప్పాను. కాసేపటికి పనిచేస్తోందని మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి ఒక్క టెర్మినల్ మీదా పిచ్చి అక్షరాలు రాలేదు.

ఫోన్ పెట్టేశాక దాదా ఇంకా తాగని తన చాయ్ గ్లాసును నా ముందుకు జరిపాడు. "ఘే," అన్నాడు, తీసుకో అని.