లస్మవ్వ నీలి షర్బత్

షర్బత్ తాగిన కార్మికుడు అంకుశం రెండోసారి కక్కుకునేసరికి కారఖానా గేటు ముందు గుంపు మాట మారింది. మొదటిసారి ఎండ దెబ్బ అన్నారు. ఈసారి నీళ్లు నీలంగా పడ్డాయి. అందరి కళ్లూ లస్మవ్వ బండి మీదికి తిరిగాయి.

ఇరవై ఏళ్లు భివండీ టెంఘర్‌లోని మరమగ్గాల కారఖానాల్లో నూలు కండెలు చుట్టి, వేళ్లు మొద్దుబారాక ఆమె మజ్జిగ బండి పెట్టుకుంది. తెల్ల మజ్జిగ అమ్మేవాళ్లు ఆ వీధిలో అప్పటికే నలుగురు. అందుకని ఈమె బీట్‌రూట్ రసంతో గులాబీ మజ్జిగ, పుదీనాతో పచ్చ మజ్జిగ చేసింది. శంఖుపూలు నానేసిన నీలి షర్బత్ వాటన్నిటికీ రాణి. నిమ్మకాయ పిండితే ఊదారంగుకు తిరుగుతుంది. పేదవాళ్లకు సాదాతనమే అందమని మురిసేవాళ్లు ఆ బండి దగ్గర పది నిమిషాలు నిలబడాలి.

"డైయింగోళ్ల రంగు కలిపింది," అన్నాడు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే నర్సింగం. అక్కడ రంగు అంటే గుర్తొచ్చేది పువ్వు కాదు, అద్దకం రసాయనాల డ్రమ్ము.

కారఖానా సేటు లక్ష్మీనర్సయ్య బయటికొచ్చాడు. "బండి ఎత్తు లస్మవ్వా. మనిషి సస్తె నా మెడకు సుట్టుకుంటది."

ఇక్కడ ఎత్తిస్తే ఆ మాట ఆమెకంటే ముందే ఊరంతా తిరుగుతుంది. ఇంకే గేటూ నిలబడనివ్వదు.

"పూలు సేట్, సూడుండ్రి," అని నిమ్మకాయ పిండింది. నీలం ఊదా అయింది. రోజూ అది చూసి ఈలలు వేసేవాళ్లే వెనక్కి జరిగారు.

"సూసిన్రా? కెమికల్!" అని అరిచాడు నర్సింగం.

లస్మవ్వ నర్సింగం చేతిలోని కండె లాక్కుంది. తెల్ల నూలు తెంపి నీలంలో ముంచి, గ్లాసులు కడిగే సబ్బుతో సహా అతని చేతికే ఇచ్చింది. "నూలు అబద్ధం జెప్పది గద? డై అయితె ఉతికినా పోదు. నువ్వే ఉతుకు."

సబ్బు తగలగానే పోగు ఆకుపచ్చగా మారింది. ఎవరో బూతు తిట్టారు.

"ఆగు, ఇంకోసారి ఉతుకు," అంది. ఏమవుతుందో ఆమెకూ తెలియదు.

రెండో నీళ్లకు పచ్చ పలచబడింది. మూడో నీళ్లకు పోగు తెల్లబడింది. నర్సింగం దాన్ని ఎండకు పట్టి, రెండు వైపులా తిప్పి చూశాడు.

"డై గాదు," అన్నాడు, ఇష్టం లేకుండానే.

గోడకు జారగిలబడ్డ అంకుశం అప్పుడు నోరు విప్పాడు. "నిన్నటి చాపల కూర పొద్దుగాల తిన్న. వాసనొచ్చింది గని..."

"ముందు జెప్పనీకి ఏమైందిరా?" అని గద్దించాడు నర్సింగం.

"నన్నెవలు అడిగిండ్రు?"

సేటుకు మాత్రం మనసు కుదుటపడలేదు. "అయినా లొల్లెందుకు? రేపటిసంది తెల్లదే అమ్ము."

"తెల్లదాన్ల ఏం కలిపిన్నో ఎట్ల ఎరుకైతది సేట్?" అంది లస్మవ్వ.

లక్ష్మీనర్సయ్య ఆమెను చూశాడు, నూలును చూశాడు, లోపలికి పోయాడు. ఉండమనలేదు, పొమ్మనలేదు. భివండీలో పర్మిషన్ అంటే అంతే. లస్మవ్వ వంగి బండి చక్రం కింద రాయి దోపింది.