బస్సులో చక్కెర

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం ఆదోని నుంచి ఎమ్మిగనూరు బస్సెక్కాను. అక్కడి ఆసుపత్రిలో నా భార్యకు నొప్పులు. కాన్పు కష్టమని కబురొచ్చింది.

నా ముందు సీటులోని ముస్లిం పెద్దావిడ దర్గాలో ప్రార్థన చదివించి తెచ్చిన చక్కెర బస్సంతా పంచుతోంది.

"ఏమిటమ్మా శుభవార్త?" అన్నాను.

"ఈపొద్దు నా కొడుక్కు ఆపరేషనప్పా. ఇంగా ఏం తెలీదు."

"మరి అప్పుడే పంచుతున్నారే?"

ఆమె నవ్వింది. "అయినాక పంచితే దేవునితో బేరమాడినట్లప్పా. ఆయన ఇస్తాడని ముందే పంచుతాండా. సెయ్యి సాపు."

ఎవరి ముందూ చెయ్యి చాపనని గొప్పలు పోయే గుంటూరువాణ్ణి. రెండు చేతులూ చాపాను.

ఎమ్మిగనూరులో దిగగానే చక్కెర కొన్నాను. ఆసుపత్రి వరండాలో పంచుతుంటే అందరూ అడిగారు, ఆడపిల్లా, మగపిల్లాడా అని.

"ఇంకా తెలీదండీ," అన్నాను నవ్వుతూ. "చెయ్యి చాపండి."