పట్టాలు కప్పే వేళ

మిరపకాయలు కల్లంలో ఎండే రోజుల్లో, సాయంత్రం మంచు దిగకముందే వాటి మీద టార్పాలిన్ పట్టాలు కప్పాలి. తడిసిన కాయ రంగు పోతుంది. అద్దంకి దగ్గర సేద్యం చేసే మా బావమరిది ఒక ఏడాది మాటల్లో పడి మరచిపోయాడు. అప్పుడు నేను వాడికోసం ఒక చిన్న యాప్ రాశాను. సాయంత్రం అయిదున్నరకు ఫోన్ పలుకుతుంది. గొంతు మా ఆవిడది. "ఒరేయ్ తమ్ముడూ, పొద్దుగుంకుతోంది, పట్టాలు కప్పరా."

చుట్టుపక్కల రైతులూ దాన్ని పెట్టించుకున్నారు. పక్క కల్లం పెద్దాయన నవ్వేవాడు. "డెబ్బై ఏళ్లొచ్చినాక నన్ను ఒరేయ్ అంటంది మీ ఆవిడొక్కతేనయ్యా!"

ఆమె పోయి రెండేళ్లయింది. గొంతు మాత్రం రోజూ వేళకు పలికేది.

నిరుడు యాప్ స్టోర్ నడిపే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. యాప్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాలి, లేకపోతే కొత్త ఫోన్లకు కనిపించదు. నల్లపాడులోని మా ఇంట్లో కూర్చుని మార్చడం మొదలుపెట్టాను. ఒక టూల్ మారిస్తే అది ఇంకో టూల్ మార్చమంది. అదీ మారిస్తే నిన్నటిదాకా నడిచిన కోడ్ ఎర్రగీతలతో నిండింది. కారణం కోసం వెతికితే వాళ్ల సొంత పేజీలోనే పాత పద్ధతి రాసి ఉంది. అన్నీ సరిచేశాక నా కంప్యూటర్‌లో పరీక్ష కోసం నడిపే నకిలీ ఫోన్‌లో గొంతు క్షణం తప్పకుండా పలికింది. ఎన్నిసార్లు విన్నానో తెలియదు.

కల్లంలో అలా పలకలేదు.

"బావా, అక్క ఇయ్యాల ఏడింటికి పిలిచింది," అన్నాడు బావమరిది ఫోన్‌లో. "బతికున్నన్నాళ్లూ ఒక్కనాడు ఆలస్యం చేసిన మనిషి కాదు గదా."

కొత్త నియమం ప్రకారం, బ్యాటరీ ఆదా కోసం ఫోన్ యాప్‌ను నిద్రపుచ్చుతుంది. సరిగ్గా వేళకు లేవాలంటే విడిగా అనుమతి కావాలి. అది అడగక్కర్లేకుండా దొరికేది అలారం గడియారాలకు, క్యాలెండర్లకు మాత్రమే. మంచు గురించి, మిరపకాయ గురించి కంపెనీకి వివరంగా రాసి పంపాను. మీ యాప్ ముఖ్య ఉద్దేశం అలారం కాదని జవాబు వచ్చింది. మళ్లీ రాశాను. అక్షరం మారకుండా అదే జవాబు. చదివేది మనిషో కాదో తెలియలేదు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. సెట్టింగుల్లో ఎక్కడో లోపల ఉండే ఆ అనుమతిని ఎవరి ఫోన్‌లో వాళ్లు ఇచ్చుకోవాలి. బండి మీద కల్లాలకు వెళ్లి నేనే అందరి ఫోన్లలో ఆన్ చేశాను.

వారం తర్వాత మళ్లీ వెళ్లాను. పొద్దు వాలుతుండగానే బావమరిది, వాడి భార్య పట్టాలు లాగి అంచుల మీద రాళ్లు పెట్టారు. ఫోన్ పలకలేదు.

"దాని కోసం చూట్టం మానేశాం బావా," అన్నాడు నా ముఖం చూడకుండా. "కాయ తడిస్తే ఎట్టా?"

తప్పేమీ లేదన్నాను. వాళ్లింటికెళ్లి టీ తాగాం. చీకటి పడ్డాక, గడపలో పెట్టిన ఫోన్ పలికింది. "ఒరేయ్ తమ్ముడూ, పొద్దుగుంకుతోంది..." వాడి భార్య గ్లాసులు కడగడం ఆపింది.

"తీసెయ్యమంటావా?" అని అడిగాను.

"ఉండనీ బావా. ఎప్పుడు పిలిస్తే అప్పుడే."

ఫోన్ అందుకుని సెట్టింగులు తెరిచాను. నేను ఇచ్చిన అనుమతి దానంతటదే ఆఫ్ అయి ఉంది. మళ్లీ ఆన్ చేసి, ఫోన్‌ను గడపలోనే పెట్టాను.