వంగే పైపు, వంగని అన్న

మా అన్నకు ఇనుము సంగతి చెప్పుడంటే తల గోడకేసి కొట్టుకునుడే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. నేను వెల్డింగ్ చేసెటోణ్ణి, లారీ పని ఆయన చూసుకునేటోడు. డెబ్బైల నాటి మాట ఇది. మియాపూర్ దిక్కు కొత్త షెడ్లు లేస్తున్నయి, వాటిల్లకు యంత్రాలు దింపే బండ్లు మాత్రం దొరుకుతలేవు. మిలిటరీ వేలంల, తాడు చుట్టి లాగే వించ్ ఉన్న పాత లారీ ఒకటి కొన్నం. దాని ఎనక రెండు పైపులు కత్తెర లెక్క నిలబెట్టి, కొసకు గిరక కట్టి, వించ్ తాడు దాని మీదికెళ్ళి తీస్తే ఎంత బరువైనా లేస్తది. దాన్నే జిన్‌పోల్ అంటరు.

ఇగ ఏం పైపు పెట్టాలె అన్నకాడ మొదలైంది లొల్లి.

అన్న బోరు రాడ్లు పెడ్దమన్నడు. బోర్లేసే బండ్లు వాడి పారేసిన రాడ్లు పాత ఇనుము దుకాణంల కుప్పపడి ఉండె. "బండరాయిల దిగిన రాడ్లురా ఇవి! నీ యంత్రానికి వంగుతయా?" అన్నడు.

"వంగవన్నా, నా ఫికర్ అదే. గంత గట్టి ఇనుము వంగదు, వెల్డింగ్ పక్కపొంటి పట్‌మని ఇరుగుతది. మెత్త ఇనుముది, మందం పైపు, అతుకు లేనిది తెద్దం. బరువెక్కువైతే అది ముందే వంగుతది, కింద మనిషి పక్కకు జరుగుతడు."

కింద మనిషంటే ఇంకెవరు, ఆయనే! బరువు లేస్తుంటే దాని మీద చెయ్యేసి, ఎద్దును అదిలిచ్చినట్టు అదిలిస్తుండె. వద్దంటే ఇనడు. నా పానం కొట్టుకునేది పైపు కోసమా?

ఒక రాడ్డు ముక్కకు ఇనుప పట్టీ అతికిచ్చి, సమ్మెటతోని గట్టిగ ఏసిన. అతుకు అతుకు లెక్కనే ఉంది, దాని పక్కన రాడ్డు గాజు లెక్క పలిగింది. తీస్కపోయి చూపెట్టిన. అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.

"నీ వెల్డింగే సక్కగ లేదు" అన్నడు.

దసరా దగ్గరపడ్డది. దసరాకు బండి పూజ జరగాలె, పోల్ లేకుంట పూజేందని ఆయన తొందర. నేను పట్నంల దుకాణాలన్ని తిరిగి, కావల్సిన పైపు పట్టి, కిరాయి బండిల ఏస్కొని వచ్చేసరికి అయిపోయింది. వేరే వెల్డరుతోని రాడ్లు అతికిపిచ్చి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ ఏసి, గుమ్మడికాయ కొట్టి, లారీ ముంగట నవ్వుకుంట నిలబడ్డడు మా అన్న.

నాకు కడుపు మండిపోయింది. గ్యాస్ కటింగ్ ముట్టిచ్చి పోల్ కోసేస్తనని పోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"పూజ చేసిన దాన్ని కోస్తవారా? కండ్లు పోతయి!"

"బొట్టు పెడితే ఇనుము మెత్తబడ్తదా అమ్మా?" అని ఒర్రిన. వాడకట్టంత అమ్మ దిక్కే. నేను తెచ్చిన పైపు షెడ్డు ఎనక గడ్డిల పడి ఉండిపోయింది.

చలికాలంల ఖాజాగూడ గుట్టల కాడ కంకర మిషను దింపుతున్నం. నేను వించ్ కాడున్న. పోల్ రాడ్డు పట్‌మన్నది. వంగుడు లేదు, ఒరుగుడు లేదు. మిషను కింద పడ్డది. దాని మీద చెయ్యేసిన అన్న ఎనుకకు పడ్డడు గని, కాలు దాని కిందనే ఉండిపోయింది. దవాఖానల కాలైతే దక్కింది, కుంటుడు మిగిలింది.

ఇప్పుడన్న ఒప్పుకుంటడనుకొని మంచం పక్కన కూసున్న.

"దిష్టి తగిలిందిరా" అన్నడు. "గుమ్మడికాయ చిన్నది కొట్టినం."

ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, రెండూ ఒక్కసారే వచ్చినయి. లేచి బయటికి పోయిన.

ఆయన ఇంటికి రాకముందే నా పైపుతోని కొత్త పోల్ కట్టిన. ఆ వంక కూడ మిగలొద్దని, సంతల అందరికంటె పెద్ద గుమ్మడికాయ తెచ్చి నేనే కొట్టిన.

కొన్నేండ్లకు నార్సింగి కాడ ఒకాయన యంత్రం బరువు తక్కువ చేసి చెప్పిండు. అది జానెడు లేచిందో లేదో, పైపు మెల్లగ వంగవట్టింది. అన్న ఎప్పటి లెక్కనే దాని మీద చెయ్యేసి ఉన్నడు.

"జరుగన్నా!"

కుంటుకుంట పక్కకు జరిగిండు. నేను వించ్ ఇడిసిన, బరువు నేల మీద కూసున్నది. ఎవ్వరికి గీత పడలేదు.

అన్న వంగిన పైపు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. అంతమంది ముంగట మొదలువెట్టిండు.

"చూసినవా నీ పైపు! నా రాడ్లు ఏనాడన్న వంగినయా?"

నేను వించ్ తాడు చుట్టుకుంట ఇన్న. తిట్టనీ. తిట్టనీకి మనిషైతే మిగిలిండు.