కంచం అంచున రెండు మెతుకులు

చిన్నీ, నువ్వు పోయావని ఫోనొచ్చినప్పుడు నేను రొయ్యలు ఒలుస్తున్నాను. ఆ చేతులతోనే ఫోను పట్టుకున్నాను.

చూశారా, మీకు రాద్దామని కూర్చుని మళ్లీ దాంతోనే మాట్లాడుతున్నాను. మీరంతా పాండిచ్చేరిలో నా కూతురితో పాటు పరిశోధన చేసినవాళ్లు. దాని జ్ఞాపకంగా పుస్తకం వేస్తున్నాం, నాలుగు ముక్కలు రాయండమ్మా అన్నారు. నేను ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని. తప్పులుంటే దిద్దుకోండి.

దాని చదువు నాకు అన్నం కంచంలోనే తెలిసింది. సెలవులకు మా ఊరు కనకాలపేట వచ్చినప్పుడల్లా ముద్ద కలిపి కంచం మధ్యలో పెట్టేది. రెండు మెతుకులు తీసి అంచున పెట్టేది.

"ఈ ముద్ద అణువు నడిమి గింజమ్మా. ఈ రెండూ న్యూట్రాన్లు. ముద్దలో ఉండాల్సినవి ఇంత దూరంగా తిరుగుతాయి, చందమామకి వరదగుడి కట్టినట్టు పల్చగా. అయినా విడిపోవు. కానీ మూడింట్లో ఏ ఒక్కటి తీసినా మిగతా రెండూ కలిసుండవు."

"ముందా ముద్ద తినవే. లోకాన్ని తర్వాత లెక్కెడుదువుగాని," అనేదాన్ని.

ఒకసారి అది ఇంట్లో మరిచిపోయిన కాగితాల్లో ఎండురొయ్యలు పొట్లం కట్టి పంపాను. రెండువైపులా రాసేసి ఉంటే, అయిపోయిన లెక్క అనుకున్నాను. వారం నుంచి ఆ కాగితాల కోసమే వెతుకుతోందట. ఫోనులో ఒకటే నవ్వు. "అమ్మోయ్, నా న్యూట్రాన్లు రొయ్యల కంపు కొడుతున్నాయే!"

ఆఖరిసారి మాట్లాడినప్పుడు గొంతు నీరసంగా ఉంది. కామెర్లని చెప్పలేదు.

"ప్రయోగాలు చేసినవాళ్లకి ఆ రెండూ దూరంగా కనిపించాయమ్మా. నా లెక్కలో దగ్గరికొచ్చేస్తున్నాయి. ఎక్కడో తప్పుంది."

"దగ్గరుంటే మంచిదే కదే. తిన్నావా?"

"తింటాలే, ఈ లెక్క అవనీ."

బయల్దేరి వచ్చెయ్యమని గట్టిగా అనాల్సింది. అనలేదు.

ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే. వాళ్ల నాన్న చేపల వేట నుంచి వస్తారు, నేను వడ్డిస్తాను. ఒకరి మొహం ఒకరం చూసుకోం. దాని లెక్క ప్రకారం మేం కలిసుండకూడదు. ఎలాగో ఉంటున్నాం. అలిసిపోయాం.

నిన్న ఆయన తిని లేచాక కంచం తీయబోతే అంచున రెండు మెతుకులున్నాయి. కావాలనే పెట్టారో, తినలేక వదిలేశారో నేను అడగలేదు. అవి ఎండిపోయేదాకా ఆ కంచం కడగలేదు.

మిగిలిన లెక్క మీరు పూర్తి చేస్తామన్నారు. చేయండి. తొందరేమీ లేదు. ముందు కడుపునిండా తినండి.