ఎడమచేతి ముడి

పొగలో లేని మనుషులు కనబడతారని, లేని మాటలు వినబడతాయని మాకు శిక్షణ మొదటి వారంలోనే చెప్పారు. గాలి చాలకపోతే మెదడు చేసే పని అది. అప్పుడూ నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. దయ్యాలను మాత్రం ఏనాడూ నమ్మలేదు. గోనెగండ్లలో మా ఇల్లు శ్మశానం దారిలోనే ఉండేది.

అయినా ఇది రాస్తున్నాను. అసలు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఇది దాన్ని పట్టుకుని ఉంది.

డెబ్బైల మొదట్లో ఆదోనిలో ఫైర్‌మన్ శిక్షణకు చేరాను. నిచ్చెనలెక్కడం, పైపులు చుట్టడం, మనిషిని వీపున వేసుకుని దిగడం. మమ్మల్ని ఇద్దరిద్దరిగా జత చేశారు. నా జత మాబు. ఆదోనిలోనే మోకులు, పగ్గాలు పేనే ఇంటివాడు. ఎడమచేతి వాటం. అందరి ముడికీ కొస కుడివైపు వస్తే అతనిది ఎడమవైపు వచ్చేది. శిక్షకుడు తిట్టబోయి, ఒకసారి లాగి చూసి ఊరుకునేవాడు. అది జారేది కాదు.

పొగ గదిలోకి ఒకరు పోతే ఒకరు బయట తాడు పట్టుకోవాలి. నేర్పిన సైగలు చాలవని మాబు మా ఇద్దరికే ఒకటి పెట్టాడు. రెండుసార్లు చిన్నగా, ఒకసారి పొడుగ్గా లాగడం. ఈడనే ఉండాను అని దానర్థం. పనేమీ లేకున్నా లాగేవాడు. ఎందుకని అడిగితే, నువ్వు లోపల పండుకున్నావేమో అని, అనేవాడు.

చివరి పరీక్షలో మూడో అంతస్తు నుంచి మనిషంత బరువున్న ఇసుక మూటను తాడుతో దించాలి. ముడి నేను వేశాను. మూట సగం దిగేసరికి జారింది. శిక్షకుడికి బారెడు దూరంలో పడి పగిలింది. పైకి లాగితే ఉత్త తాడు వచ్చింది. ఎవరి ముడో చెప్పడానికి గుర్తేమీ మిగల్లేదు.

ఎవరు కట్టారని అడిగాడు. నేను అంతకుముందు ఒకసారి తప్పినవాణ్ణి. మళ్లీ తప్పితే ఇంటికే. నేల చూస్తూ నిలబడ్డాను. మాబు నాకోసం కాసేపు ఆగాడు. తర్వాత, "నేనే సార్," అన్నాడు.

సాయంత్రం నేను ముఖం చాటేస్తుంటే అతనే వచ్చాడు. "నాకింకో తూరి ఉందిలేప్పా. నీకు లేదు."

నాకు సర్టిఫికెట్ వచ్చింది. తర్వాతి శిక్షణ రెండేళ్లకు గానీ పెట్టలేదు. అప్పటికి మాబుకు వయసు దాటిపోయింది. అతను వాళ్ల నాన్న మోకుల అంగట్లో కూర్చున్నాడు. పగ్గం కొనడానికి వచ్చినవాళ్లు, నీ ముడి మాదిరి ఇది కూడా జారుతుందా అని నవ్వేవారట. అది విన్నాక నేను ఆ వీధిలో నడవడం మానేశాను.

పదేళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఊరి చివర పత్తి మిల్లులో నిప్పు పడింది. పత్తికి మంట తక్కువ, పొగ ఎక్కువ. ఈరమ్మ అనే కూలి మనిషి లోపల చిక్కుకుంది. నడుముకు తాడు కట్టుకుని పోయాను. రెండో కొస వాకిలి దగ్గర సంజీవ పట్టుకున్నాడు.

పత్తి బేళ్ల వెనక ఈరమ్మ దొరికింది. ఆమెను వీపున వేసుకుని తిరిగేసరికి చేతికి గోడ తగల్లేదు. ఎటు తడిమినా బేళ్లే. తాడు లాగితే వదులుగా నా దగ్గరికే వచ్చింది. కాళ్లు ఆగిపోయాయి.

అప్పుడు నా నడుం దగ్గర తాడు కదిలింది. రెండుసార్లు చిన్నగా, ఒకసారి పొడుగ్గా. తర్వాత బిగిసింది. దాన్నే పట్టుకుని పట్టుకుని వాకిలి చేరాను.

వాకిట్లో సంజీవ లేడు. పైపు లాగడానికి పిలిస్తే పోయాడు. తాడు కొస వాకిలి పక్క ఇనుప రింగుకు కట్టి ఉంది. ముడి కొస ఎడమవైపుకు ఉంది.

"నేను కట్టలేదన్నా. నేల మీద ఏసి పోయినా," అని సంజీవ ఏడ్చాడు. మావాళ్లందరినీ అడిగాను. ఎవరూ కట్టలేదు. అయినా రింగుకు కట్టిన తాడు తనంతట తాను లాగదు.

మాబు మంట చూడ్డానికి వచ్చి ఉంటాడనుకున్నాను. ముడిని కోసి జేబులో పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి పోయాను. పోయిన వానాకాలంలోనే కామెర్లతో చనిపోయాడని చెప్పారు. నాకు తెలియదు. తెలిసే దారి నేనే మూసుకున్నాను.

దూలానికి ఉయ్యాల వేలాడుతోంది. లోపల అతని కూతురు నిద్రపోతోంది. బిడ్డ పుట్టకముందే ఆ ఉయ్యాల కట్టాడట. తాడు ముడి చూశాను. జేబులోది తీసి పక్కన పెట్టి చూశాను. రెండింటికీ కొస ఎడమవైపే.

మాబు నాన్న మోకు పేనుతున్నాడు. పరీక్ష సంగతి మొత్తం చెప్పాను. ఆయన చేతులు ఆపలేదు. "నా కొడుకు ముడి జారదని నాకు తెలుసు నాయనా. ఎవురిదో నువ్వు సెప్తావని సూస్తాంటి." మోకు మెలి బిగించి, "అంగడి కాడ, నలుగురున్నప్పుడు, ఒక్క తూరి సెప్పు. సాలు," అన్నాడు.

చెప్తానన్నాను. ఆ నెలలోనే ఈరమ్మను కాపాడినందుకు నాకు సన్మానమన్నారు. అది కానీలే అనుకున్నాను. తర్వాత ఎమ్మిగనూరుకు బదిలీ అయింది. ఆ తర్వాత ఆ పెద్దాయన కూడా పోయాడు.

ఆనాటి ఉయ్యాలలోని పిల్ల ఇప్పుడు అదే అంగట్లో కూర్చుంటోంది. ఈ కాగితం మొదట ఆమెకే ఇస్తాను. నలుగురున్నప్పుడే ఇస్తాను. ఆ రోజు జారిన ముడి నాది. మాబుది కాదు.

రెండో ముడి, మిల్లు వాకిట్లోది, ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంట్లో బీరువాలో ఉంది. విప్పలేదు. అప్పుడప్పుడు తీసి లాగి చూస్తాను. జారదు.